మా వీధి రేడియోలో మగ్గం చప్పుడు

మా ఊరికి దివ్యదృష్టి గురువారం సాయంత్రం, ధాన్యం ధరలు చదవడం అయిపోయిన తరువాత వచ్చేది. మిగతా రోజుల్లో ఎవరికీ ఏమీ కనిపించేది కాదు. ఈ సంగతి నేను అప్పట్లోనే పదిమందిలో అన్నాను. అన్నందుకు మా అవ్వ నా మీదికి చీపురు విసిరింది. చీపురు వస్తుందని నాకు ముందే తెలుసు. దానికి దివ్యదృష్టి అక్కరలేదు.

ఇది మరీ పాతకాలపు ముచ్చటేమీ కాదు. పంచాయతీలకు సర్కారు రేడియోలు ఇచ్చిన కొత్తలో జరిగింది. మా ఊరు ఆత్మకూరుకు పోయే బాట మీద ఉంటుంది. ఒక పక్క మగ్గాల వీధి, ఇంకో పక్క గొర్లు మేకలు కాచుకునే వాళ్ళ వాడ. పంచాయతీకి సొంత కచేరీ లేదు కనుక మా వీధిలోనే ఒక అర్ర కిరాయికి తీసుకుని, రేడియోను అందులో పెట్టి తాళం వేశారు. పొద్దు గూకే వేళ తాళం తీసి, బయటి గోడకు బిగించిన బాకా లోంచి ఊరంతటికీ వినిపించేవారు. కరెంటు ఇంకా రాలేదు. రేడియో బ్యాటరీతో నడిచేది, బ్యాటరీ ఆత్మకూరు నుంచి సైకిలు మీద వచ్చేది.

ఆ అర్ర గోడకు ఆనుకుని మా మేనత్త ఇల్లు. ఈ ముచ్చటలో నిజంగా పోయేది ఏదైనా ఉందంటే అది ఆ ఇంటి మగ్గమే. అది ఆ ఏడు నిలుస్తుందా, పడిపోతుందా అన్నది మా మేనత్తకూ మామకూ తప్ప ఎవరికీ తెలియని చింత. వీధిలో మిగిలిన మాకందరికీ వేరే పెద్ద చింత ఉండేది. ఆ పిల్లకు కనబడేవన్నీ ఎక్కడి నుంచి కనబడుతున్నాయి?

ఆ పిల్ల అంటే వారం వారం వచ్చే నాటకంలో పిల్ల. ఒక దొరల ఇంటి చిన్న కోడలు. జరగబోయేవి ఆమెకు ముందే కనబడతాయి. బావి ఒర కూలుతుందని ఒక వారం చెప్పింది, కూలింది. మరిది ఎక్కిన బండి బోల్తా పడుతుందని ఇంకో వారం చెప్పింది, పడింది. కనబడే ముందు ప్రతిసారీ సన్నటి గొంతుతో, "నాకేదో కనిపిస్తోంది అత్తయ్యగారూ..." అనేది. అని ఆగేది. ఆ ఆగడం చాలాసేపు ఉండేది. అంతసేపూ వీధిలో ఒక్కరు ఊపిరి తీసేవాళ్ళు కాదు. చంటిపిల్లలు కూడా ఏడవడం వాయిదా వేసుకునేవాళ్ళు.

మా ఊళ్ళో ఆమెను చూపుల పిల్ల అనేవారు. ఆమె మాట తీరు మాత్రం మా అవ్వకు మింగుడు పడలేదు.

"గా పిల్ల ఊకె గారూ గారూ అని ఎవలను పిలుస్తదిరా?"

"అత్తనే అవ్వా."

"అత్తను గట్ల పిలిస్తె అత్తకు అనుమానం రాదా?"

అయినా గురువారం వచ్చిందంటే అవ్వ అందరికంటే ముందే పోయి జాగా పట్టుకునేది. దివ్యదృష్టి ఎక్కడిదో తేల్చిందీ మొదట ఆమే.

"ఆలంపురం పోయింటదిరా. తుంగభద్రల మునిగి జోగులాంబను కండ్లార జూసినోళ్ళకు గట్లనే కనబడుతది."

"నువ్వు గూడ పోయొచ్చినవ్ గద. నీకేం కనబడ్డది?"

"నీ అసుంటి మనుమడు కనబడుతుండు. ఇంగేం కావాలె నాకు?"

గొల్లవాడ పెద్దమనిషి దీనికి ఒప్పుకోలేదు. గొంగడి భుజాన వేసుకుని నిలబడి వినేవాడు. కూర్చుంటే మాట బరువు తగ్గుతుందని ఆయన నమ్మకం. ఆ పిల్లకు చిన్నప్పుడే తల్లి పోయిందని నాటకంలో ఎక్కడో ఒక ముక్క వచ్చింది. మేమంతా దాన్ని మరచిపోయాం. ఆయన పట్టుకున్నాడు.

"తల్లి లేని పిల్లకు పాలెవలియ్యాలె? మ్యాకపాలు పోసి సాదింటరు. మ్యాకకు వాన ముంగట్నే ఎరుకైతది. గా పాలు తాగినోళ్ళకు గూడ ఎరుకైతది."

"నీ కొడుకు గూడ మ్యాకపాలే తాగిండు గద తాతా," అన్నాను. "మొన్న బర్రె ముంగట్నించే వొచ్చి పొడిసింది. ఎరుక కాలేదేం?"

"వాడు శానొద్దులు తాగలేదు," అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

నిజం చెప్పాలంటే అలాంటి జవాబులు విన్నప్పుడు నాకు లోపల దండం పెట్టాలనిపించేది. కోస్తా నుంచి వచ్చిన బడిపంతులు సారు అదొక మానసిక స్థితి అని చెప్పాడు. అది ఎవరికీ అర్థం కాలేదు కనుక ఎవరూ కాదనలేదు. నా మాట కూడా అడిగారు. రాసేటాయనకు వారం వారం జీతం ముడుతుంది, ఆయనకు ఏం తోస్తే ఆమెకు అది కనబడుతుంది అన్నాను. ఆ రోజంతా నా బీడీకి ఎవరూ నిప్పు ఇవ్వలేదు.

ఇంత ఎగతాళి చేసినా వాళ్ళు వినే తీరుకు నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. బొమ్మ లేదు, తెర లేదు. గోడకు ఒక రేకు బాకా, అంతే. దాన్ని పట్టుకుని మా వాళ్ళు ఆ దొరల ఇల్లంతా కట్టేశారు. వంటిల్లు తూర్పున ఉందా, పడమటనా అని కొట్లాడుకున్నారు. ఆ పిల్ల ముక్కుకు పుడక ఉందని మా అవ్వ, లేదని పక్కింటామె, మాటలు మానుకున్నారు. పుడక ఉంటే మాట కొద్దిగా ముక్కుతో వస్తుందట. మా అవ్వ దాన్ని గొంతులోంచే పట్టింది.

నాటకం వచ్చే వేళకు వీధిలో మగ్గాలన్నీ ఆపాలని మావాళ్ళు కట్టుబాటు చేసుకున్నారు. ఆపని వాడికి పడుగుకు, అంటే మగ్గం నిలువుపోగులకు, గంజి పెట్టే రోజున ఎవరూ చేయి వేయరు. ఇది చిన్న శిక్ష కాదు. గంజి పెట్టిన పడుగును తెల్లవారుజామున వీధి పొడుగునా చాచి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. అది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. కనుక గురువారం సాయంత్రం మా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మాకు చెవులు బోసిగా అనిపించేవి.

అలాంటి ఒక గురువారం ఆ పిల్ల, "నాకేదో కనిపిస్తోంది అత్తయ్యగారూ..." అని ఆగింది. అందరం బిగుసుకున్నాం. ఆ ఆగినచోట, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుగా, ఒక చప్పుడు వినిపించింది.

టక్... టక్. మళ్ళీ టక్.

తలలు లేచాయి. ఎవరైనా నోరు తెరిచేలోపే ముందు వరుసలో రాయి మీద కూర్చున్న మా మామ చేయి ఎత్తాడు.

"ఇన్నరా? మగ్గం! గా పిల్ల మగ్గం మీద కూసున్నదిరా!"

మా మామ అంటే వీధిలో గౌరవం. ఆయన నేసిన అంచు చూసి ఊరు పేరు చెప్పేవాళ్ళు ఆత్మకూరు బజారులో ఉండేవారు. అయినా నేను ఊరుకోలేదు.

"దొరల ఇంట్ల మగ్గమెక్కడిది మామా?"

"దొరల ఇంటికి రాకముందు ఏ ఇంటి పిల్లనో నువ్వు జూసినవా? అల్లుడా, పడుగు మీద కూసున్నోనికి గన్ని పోగులల్ల ఒక్క పోగు తెగితె కనబడుతది. గసుంటి చూపును పడుగు మీదికెల్లి తీసి లోకం మీద పెట్టు. ఏం కనబడకుండ ఉంటది?"

వీధి వీధంతా ఒక్కసారి నిట్టూర్చింది. అంతవరకూ ఆ పిల్ల దొరలది. ఆ క్షణం నుంచి మాది. జోగులాంబ, మేకపాలు, మానసిక స్థితి, అన్నీ వెనకపడ్డాయి. మరుసటి వారం మళ్ళీ అదే చోట అదే చప్పుడు. ఆ పై వారమూ అంతే. అది రాతి మీద మేక గిట్టల చప్పుడని గొల్లవాడ పెద్దమనిషి ఒక్కడే నిలబడి వాదించాడు. మగ్గాల వీధిలో నిలబడి మగ్గం చప్పుడు కాదనడానికి ధైర్యం కావాలి. ఆయనకు ఉండేది.

తరువాతి గురువారం ధరలు చదువుతుండగా నేను లేచి, మేనత్త ఇంటి వెనక సందులోకి పోయాను. పోయిన పని అందరూ సందులోకి పోయే పనే. అక్కడ, గోడకు అవతల, టక్ టక్ అని వినిపిస్తోంది. బాకా లోంచి ఒకాయన ఆముదాల ధర చెబుతున్నాడు. ఆముదాల ధర చెప్పే మనిషికి కూడా దివ్యదృష్టి వచ్చిందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. తరువాత వెనక తలుపు తోశాను.

మగ్గం గుంతలో మా మేనత్త కూర్చుని ఉంది. పక్కన కందిలి. చీర కొంగు నడుముకు బిగించి, కండె పెట్టిన నాడెను పడుగు మధ్య ఇటు నుంచి అటు విసురుతోంది. మా వీధిలో ఆడవాళ్ళు రాట్నం మీద కండెలు చుడతారు, గంజి కాస్తారు, పడుగు దులుపుతారు. గుంతలో కూర్చునేది మగవాడు. ఆడది గుంతలో దిగిందంటే ఆ ఇంట్లో మగవాడు మంచాన పడ్డాడని లెక్క. మా మామ మంచాన పడలేదు. గోడకు అవతలి పక్క రాయి మీద కూర్చుని లోకానికి దృష్టి సంగతి బోధిస్తున్నాడు.

ఆమె నన్ను చూసింది, చేయి ఆపలేదు.

"తలుపెయ్యి. దీపం ఆరుతది."

వేశాను.

"మీ మామకు కండ్లల్ల పొరలొచ్చినయి రా," అంది, పొయ్యి మీద ఏముందో చెప్పినట్టు. "పాలమూరు దవాఖానల జూపిచ్చినం. ఇంగ పండలేదు, పండినంక కోస్తం అన్నడు డాక్టరు."

"జామకాయనా అత్తా, పండనీకె?"

"మీ మామ గూడ గదే అడిగిండు. డాక్టరుకు నవ్వు రాలే."

అప్పుడు సంగతంతా చెప్పింది. పగలు మామ గుంతలో కూర్చుంటాడు. సాదా నేత చేతుల అలవాటు మీద సాగిపోతుంది. తెగిన పోగు మాత్రం కనబడదు, అంచు అసలే కనబడదు. సాయంత్రం రేడియో పెట్టగానే వీధంతా అక్కడ చేరుతుంది, ఇళ్ళల్లోకి ఎవరూ తొంగిచూడరు. ఆ వేళ ఈమె దిగి, చెడినంత విప్పి, మళ్ళీ నేసి, అంచు ఎక్కిస్తుంది. మిగతా సాయంత్రాలు రేడియో మోగుతున్నా జనం మాట్లాడుకుంటూనే ఉంటారు కనుక చప్పుడు తెలియదు. ఒక్క గురువారం నాడే, ఆ పిల్ల ఆగినప్పుడు, బయటపడుతుంది.

"నూలిచ్చే సావుకారికి ఎరుకైతె?" అన్నాను.

"కండ్లు లేని ఇంటికి నూలియ్యడు. ఒక్కపారి వేరే ఇంటికి పోయిన నూలు మల్ల మనకు రాదు. కండ్లు పండెదాంక మగ్గం ఆడాలె. గంతే."

"నీకెవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పుతరు? గాయన పక్కన కూసొని కండెలందిచ్చిన. తప్పు నేస్తె తిట్టిన. తిట్టాలంటె తెల్వాలె గద."

"మరి మామ గా రాయి మీద కూసొని మగ్గం మగ్గం అని..."

ఆమె మొదటిసారి నవ్వింది. "సప్పుడు ఇనబడుతదని నేను భయపడ్డ. నువ్వు నెయ్యి, సప్పుడు సంగతి నాకిడిసిపెట్టు అన్నడు."

నేను ఆ గుంత పక్కనే నేల మీద చతికిలబడ్డాను. ఊళ్ళో ఎవడి నాటకమైనా సరే గాలి తీసేది నేనని నాకు పేరు. ఆ వీధిలో ఆడుతున్న అసలు నాటకంలో నేను ముందు వరుసలో కూర్చుని ప్రశ్నలు అడిగాను, అడిగి ఆయన చెప్పేదానికి బలం చేకూర్చాను. చూపు పోతున్న మనిషి, రెండు క్షణాల వ్యవధిలో, ఇంతమంది చెవులను గోడ మీదినుంచి మళ్ళించి రేడియోలోకి పంపించాడు. ఏ రచయితకూ వారానికొక జీతం పుచ్చుకుని ఇంత పని చేతకాదు.

ఇక నా కష్టం చూడండి. ఊరు మొత్తాన్ని వారం రోజులు నవ్వించగల ముచ్చట నోట్లో ఉంది, చెప్పడానికి లేదు. చెప్పకపోతే పోయె, నమ్మినట్టు కూడా కనబడాలి. మగ్గం చప్పుడే, నాకూ వినబడింది అని నేను పదిమందిలో అనేసరికి మా అవ్వ వచ్చి నా నుదురు తడిమి చూసింది.

"జరమొచ్చిందారా?"

ఇలా కొన్ని వారాలు బాగానే గడిచాయి. చెడగొట్టింది గుమాస్తా.

సావుకారి తరఫున నూలు ఇచ్చి చీరలు పట్టుకుపోయేవాడు ఆయన. ఆయన కూడా నేతపని ఇంట్లో పుట్టినవాడే. తల మీద టోపీ, కింద సైకిలు, రెండూ తళతళలాడుతుండేవి. మా వాళ్ళు ఉబ్బితబ్బిబ్బై చూపుల పిల్ల మగ్గం సంగతి ఆయనకు చెప్పారు. ఆయన పెదవి విరిచాడు.

"ఆత్మకూర్ల మా ఇంట్ల రేడియో ఉన్నది. వారం వారం ఇంటున్న. ఏ మగ్గం లేదు, ఏం లేదు."

వీధి అవమానపడింది. పక్కింటాయన అడిగాడు: "రేడియో యాడ కొన్నరు?"

"రాయచూర్ల."

"గందుకే. అది కన్నడం రేడియో. దానికి మన మగ్గం సప్పుడేం ఎరుక?"

గుమాస్తా నవ్వలేదు. "మల్ల గురువారం ఈడనే కూసుంట. నా చెవులతోటి ఇంట. బావా, నీ దగ్గరున్న చీర గూడ గప్పుడే పట్కపోత," అని సైకిలు ఎక్కాడు. మా మామ ఆయన పోయిన దిక్కుకు, కొద్దిగా పక్కకు, చూస్తూ తల ఊపాడు.

నేను వెంటనే మేనత్త దగ్గరకు పోయి, గురువారం నాడు మగ్గం ముట్టవద్దని చెప్పాను.

"మీ మామ నేసింది పొద్దుగాల నుంచి విప్పుతున్న. కొంగు మొత్తం మల్ల నెయ్యాలె. గురువారం గూడ నేస్తెనే అయితది. ఆయన ముంగట సగం చీర పెట్టుమంటవా?"

మంచం మీద పడుకున్న మామ గోడ వైపు తిరిగే అన్నాడు: "అల్లుడా. ఆ పొద్దు నువ్వు నోరు మూయకు."

"నేనా?"

"ఆ పిల్ల ఆగుతది. అందరు ఆగుతరు. నువ్వు ఆగకు. నువ్వు వాగుతుంటె ఏ సప్పుడు ఇనబడది. ఇన్నేండ్ల సంది నువ్వు జేస్తున్న పనే."

పుట్టి పెరిగాక నా నోటి అవసరం ఎవరికైనా పడటం అదే మొదలు. నేను గర్వపడ్డాను. ఆ గర్వం గురువారం దాకా ఉంది.

గురువారం వీధి నిండింది. గొల్లవాడ మొత్తం తరలివచ్చింది, మేక గిట్టల పక్షాన. గుమాస్తా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని రాయి మీద మామ పక్కన కూర్చున్నాడు. నాటకం మొదలవగానే నేనూ మొదలుపెట్టాను. దొరకు గొంతు బొంగురుపోయింది, కషాయం తాగలేదా అన్నాను. దగ్గాను. నా చెప్పు ఎవరో ఎత్తుకుపోయారన్నాను. నా కాళ్ళకు చెప్పులే లేవు, దాన్ని ఎవరో ఎత్తిచూపారు. ముందు నవ్వారు, తరువాత ఉష్ అన్నారు, తరువాత వెనక నుంచి ఒక గులకరాయి వచ్చింది.

"నాకేదో కనిపిస్తోంది అత్తయ్యగారూ..."

"నాకు గూడ!" అని నేను అరిచాను.

గుమాస్తా వెనక్కి తిరిగాడు. "ఓ తమ్మీ, నోరు మూస్తవా, ఏదన్న కుక్కాలెనా?"

నేను ఇంకో మాట అందుకోబోయాను. పక్క నుంచి ఒక చేయి వచ్చి నా నోటిని గట్టిగా మూసేసింది. మా అవ్వ చేయి. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు, కళ్ళు బాకా మీదే ఉన్నాయి. ఆ చేతికి అంత బలం ఉందని నాకు తెలియదు.

నిశ్శబ్దం పడింది.

టక్... టక్. టక్.

వీధి గుండె ఉప్పొంగింది. అందరి ముఖాలూ గుమాస్తా మీదికి తిరిగాయి. ఆయన మాత్రం బాకాను చూడటం లేదు. తల కొంచెం వంచి, గోడ వైపు చెవి పెట్టాడు. నేతపని ఇళ్ళలో పెరిగినవాళ్ళకు మగ్గం దెబ్బ వింటే కూర్చున్నది ఎవరో తెలుస్తుంది, నడకను బట్టి మనిషి తెలిసినట్టు. గోడ అవతల ఉన్న చేయి ఆయనకు తెలిసిన చేయి కాదు. తెలిసిన చేతులు పక్కనే, రాయి మీద, ఒకదానిలో ఒకటి బిగించుకుని ఉన్నాయి.

"అగో... పిల్ల..." అని మామ మొదలుపెట్టాడు.

"మంచినీళ్ళు తాగొస్త," అని గుమాస్తా లేచి, నేరుగా మా మేనత్త ఇంటి వైపు నడిచాడు.

ఇంతలో రేడియోలో పిల్లకు కనబడింది. ఆ వారం పెద్దదే కనబడింది, దొర ప్రాణం మీదికి వచ్చేది. జనమంతా అందులో పడ్డారు. మామ లేచి, కూర్చున్న రాయికే తట్టుకుని తూలాడు. నేను అవ్వ చేయి విడిపించుకుని పోయి పట్టుకున్నాను. ఇద్దరం గుమాస్తా వెనక లోపలికి పోయాం.

మేనత్త గుంతలోనే ఉంది. నాడె ఆగలేదు. గుమాస్తా కందిలి వెలుగులో నిలబడి ఆమెను చూస్తున్నాడు.

"నేసేది నువ్వా అక్కా?"

"కొంగు ఇంగ జానెడున్నది," అంది ఆమె. "ఆగి మొత్తం పట్కపోతవా, ఇప్పుడే కోసియ్యాలెనా?"

ఆయన వంగి అంచును వేళ్ళతో తిప్పి అడుగు పక్క చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత లేచి, టోపీ ఉన్న చేతిని మామ ముఖానికి ఎదురుగా పట్టాడు.

"బావా. నా చేతుల ఏమున్నది?"

మామ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ చేతుల మా నూలున్నది," అన్నాడు.

నేను చాలామంది మాటలకు గాలి తీశాను. ఆ మాటకు తీయడానికి నా దగ్గర ఏమీ లేదు. గుమాస్తా చేయి దించుకున్నాడు. బయట రేడియోలో అత్తయ్యగారు శోకాలు పెడుతోంది. ఇక్కడ నాడె అటు పోయి ఇటు వచ్చింది.

"కొన్నొద్దుల సంది అంచు మస్తు గట్టిగ వొస్తున్నదని సావుకారి మెచ్చుకుంటున్నడు," అన్నాడు చివరికి. "నీ మొగనికి కొత్తగ పనితనం వొచ్చిందనుకున్న."

"మొగనికి కండ్లు గూడ వొస్తయి," అంది మేనత్త. "పండనీ. పాలమూరుల కోస్తమన్నరు. గప్పటిదాంక నూలు ఆపకు."

"సావుకారి అడిగితె?"

"అంచు జూపియ్యి."

ఆయన టోపీని చేతిలో రెండుసార్లు తిప్పాడు. "అంగట్ల చీర కొనేటోళ్ళు ఏ చేతులు నేసినయని అడుగరు," అన్నాడు, మాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు. "కాని సప్పుడు జర తగ్గిచ్చి నెయ్యి అక్కా."

"సప్పుడు తగ్గిస్తె పేక పోగు గట్టిగ కుదురుతదా? నేసినోని ఇంట్లనే పుట్టినవ్ గద?"

ఆయన టోపీ పెట్టుకుని బయటికి పోయాడు.

నాటకం అప్పటికి ముగిసింది. జనమంతా లేచి నిలబడి ఆయన తీర్పు కోసం చూస్తున్నారు. పక్కింటాయన ఇక ఆగలేక అడిగేశాడు.

"ఇన్నరా గుమాస్తా సారూ? ఉన్నదా లేదా మగ్గం?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. అంతమంది ముందు ఓడిపోవడం ఆయనకు అలవాటు లేని పని.

"ఉన్నది," అన్నాడు. "మా రేడియోనే ఖరాబున్నది."

వీధిలో లేచిన కేకకు గోడ మీది బాకా అదిరింది. మా అవ్వ ఆయనకు నిజంగానే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గొల్లవాడ పెద్దమనిషి మాత్రం గొంగడి సర్దుకుంటూ, ఆత్మకూరులో మేకలు లేవు కనుకే వినబడలేదు అన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు తెలిసిన మనుషుల్లో అంత తక్కువ మాటలతో అంత పెద్ద అబద్ధం, తనకు నష్టమై, చెప్పినవాడు ఇంకొకడు లేడు. చీర కోసేదాకా ఆయన అక్కడే రాయి మీద కూర్చుని, ఇంకెవ్వరూ ఆ ఇంట్లోకి పోకుండా అడిగినవాళ్ళకల్లా రాయచూరు రేడియోల లోపాలు చెప్పాడు.

నాటకం ఎండాకాలంలో అయిపోయింది. ఆఖరి వారం రాసినాయన గుట్టు విప్పాడు. ఆ పిల్ల చిన్నప్పుడు మెట్ల మీద నుంచి పడిందట, తలకు దెబ్బ తగిలిందట, అప్పటి నుంచి కనబడుతున్నాయట. రేడియో ఆపేశాక ఎవరూ ఇళ్ళకు కదలలేదు.

"రాసినోనికి తెల్వదు," అన్నాడు మామ.

"తెల్వదు," అంది అవ్వ. జోగులాంబ పక్షం, మేకపాల పక్షం, మగ్గం పక్షం, మొదటిసారి అందరూ ఒక్కటయ్యారు. మెట్ల మీద నుంచి పడితే కాలు విరుగుతుంది, అంతేనని తేల్చారు. ఆ సిద్ధాంతం ఒక్కటే మా ఊళ్ళో ఒక్క రాత్రి కూడా బతకలేదు.

మామ కళ్ళు చలికాలానికి పండాయి. అప్పటిదాకా గుమాస్తా నూలు ఆపలేదు. పాలమూరు దవాఖానలో కోసి, కట్టుకట్టి, సోడాబుడ్డి అడుగులాంటి అద్దాలు పెట్టి పంపారు. బండి దిగి ఇంట్లోకి వచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మామ మగ్గం దగ్గరికే పోయాడు. వంగి, అద్దాలు పైకి ఎత్తి, కిందికి దించి, అంచంతా చూశాడు. గుంతలో దిగి నాడె పట్టుకున్నాడు. రెండు పేకలు వేశాక ఆపాడు.

"పోగులు కనబడుతున్నయి. కాని ఒక్కోటి మోకు లెక్క కనబడుతున్నది. నా చేయికి, కంటికి జత కుదురుతలేదు," అని పైకి వచ్చేశాడు. వచ్చి రాట్నం ముందు కూర్చుని కండె చుట్టడం మొదలుపెట్టాడు. "దిగు. పొద్దు పోతున్నది."

మేనత్త ఆయనను ఒకసారి చూసి, గుంతలో దిగింది. మిట్టమధ్యాహ్నం. మామను పలకరించడానికి వచ్చిన జనం గడపలో నిలబడి ఉన్నారు. మగవాడు రాట్నం మీద, ఆడది గుంతలో. ఏమైనా అంటారేమోనని నేను చూశాను, అంటే తిప్పికొట్టడానికి రెండు మూడు మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. మా అవ్వ కళ్ళు చికిలించి, ఆమె చేతులు ఆడే తీరు చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆమెకు ఏమేమి తెలిసిందో నాకు తెలియదు. "కండె జర గట్టిగ చుట్టు అల్లుడా," అని మా మామకు చెప్పి వెళ్ళిపోయింది.

ఆ వారం గుమాస్తా కొత్త నూలు తెచ్చాడు. సన్నరకం, అంతకుముందు మా వీధిలో ఎవరికీ ఇవ్వని రకం. అలవాటు ప్రకారం ఇంటి మగవాడికి ఇవ్వబోయి, రాట్నం ముందు కూర్చున్న మామను చూసి ఆగాడు. కట్టను ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నాకెందుకు?" అన్నాడు మామ. "నేసే మనిషికియ్యి."

గుమాస్తా వంగి, గుంతలో ఉన్న ఆమెకు అందించాడు. ఆమె ఒక పోగు లాగి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసింది.

"తేమ తగిలింది దీనికి. పొద్దుగాల మంచుల తెచ్చినవా? గిది వద్దు, వేరే కట్ట తే."

ఆయన టోపీ సర్దుకుని, సైకిలు దగ్గరకు తిరిగి పోయాడు.